వ్యర్థ జలాల శుద్ధిలో బ్యాక్టీరియా – నక్కవాగు అనుభవం

పటాన్‌చెరులో మందుల పరిశ్రమలు వెలసిన తరువాత వాటి వ్యర్థ జలాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలుస్తూ వచ్చాయి. ఆ వాగుల ఒడ్డున వరి పండించే రైతుకు నీటి రంగు, వాసనలే మొదటి హెచ్చరికలు. రంగూ వాసనా లేని విషం సంగతి చాలాకాలం తరువాత గాని బయటపడలేదు.

ఇటువంటి నీటి శుద్ధిలో ప్రధాన భారం మోసేవి బ్యాక్టీరియా. ఫినాల్‌నే తీసుకుంటే, సూడోమోనాస్ ప్రజాతికి చెందిన కొన్ని బ్యాక్టీరియా ముందుగా దానికి ఆక్సిజన్‌ను చేర్చి కాటెకాల్‌గా మారుస్తాయి. పిమ్మట డైఆక్సిజినేజ్ అనే ఎంజైము ఆరు కార్బన్ల వలయాన్ని తెంచుతుంది. కష్టమంతా ఆ వలయం దగ్గరే. అది తెగిన తరువాత మిగిలిన గొలుసు చిన్న ఆమ్లాలుగా చీలి, కొంత కణ నిర్మాణానికి ఉపయోగపడి, తక్కినది కార్బన్ డైఆక్సైడు, నీరుగా వెలువడుతుంది. మనం శుద్ధి అని పిలిచేది బ్యాక్టీరియాకు కేవలం ఆహారం.

అయితే ఆ ఆహారం సమతులంగా ఉండదు. రసాయన వ్యర్థాల్లో కార్బన్ పుష్కలం, నత్రజని, భాస్వరం స్వల్పం. అందువల్ల బి.ఓ.డి. 100 పాళ్లకు నత్రజని 5, భాస్వరం 1 పాలు ఉండేలా పోషకాలను కలుపుతారు. లవణాలు అధికమైతే కణాల్లోని నీరు వెలుపలికి పోయి బ్యాక్టీరియా కుంగిపోతాయి. కొత్త వ్యర్థాన్ని ఒక్కసారిగా కాక, కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయాలి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం అసలు చిక్కును బయటపెట్టింది. దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థాలను స్వీకరించే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి, శుద్ధి అనంతరం వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. కొన్ని బ్యాక్టీరియాకు హానిచేసే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాటే. శుద్ధి చేయవలసిన జీవులను చంపే మందునే వాటి ముందుంచినట్లయింది. చావక మిగిలినవి మందును తట్టుకొనేవి. ఆ నిరోధక జన్యువులు రోగకారక క్రిములకు సంక్రమించే ప్రమాదం ఉంది. కనుక యాంటీబయాటిక్ వ్యర్థాలను కర్మాగారంలోనే వేరుచేసి, ఓజోన్ వంటి ఆక్సీకరణ పద్ధతులతో విచ్ఛిన్నం చేసిన పిదపనే జీవశుద్ధికి పంపడం మేలు.

లోహాల విషయం వేరు. బ్యాక్టీరియా ఆరు సంయోజకత గల క్రోమియంను తక్కువ విషపూరితమైన మూడు సంయోజకత గల రూపంలోకి మార్చగలవు గాని లోహాన్ని మాయం చేయలేవు. అది మడ్డిలో పేరుకుంటుంది. పరిశ్రమల శుద్ధి కేంద్రాల మడ్డిని చవకగా వస్తున్నదని ఎరువుగా పొలానికి తోలరాదు. సాగునీటికి బి.ఓ.డి. పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు. ఆ పరీక్షలో నెగ్గిన నీటిలో సైతం సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదీ లేనిదీ ఆ అంకె చెప్పదు.