పరీక్ష పిల్లలకు, పరితాపం పెద్దలకు

బ్రిటన్‌లో పదహారేండ్ల విద్యార్థుల జి.సి.ఎస్.ఇ. పరీక్షలు ప్రధానంగా మే, జూన్ మాసాలలో జరుగుతాయి. ఆ దినాలలో రాత్రి 9 గంటలకు బిడ్డకు కాఫీ అందించే తల్లి, మార్కుల ప్రస్తావనతోనే భోజనం ముగించే తండ్రి పలు తెలుగు ఇండ్లలో కనబడతారు. ఇరువురిదీ వాత్సల్యమే. దేహరసాయనం మాత్రం వేరొక మాట చెబుతుంది.

మెలకువతోపాటు మెదడులో అడినోసిన్ పెరిగి నిద్రను పిలుస్తుంది. కెఫీన్ దాని గ్రాహకాలను ఆక్రమించి ఆ పిలుపును అడ్డగిస్తుంది. దేహంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సాధారణంగా సుమారు 5 గంటలు పడుతుంది. అనగా ఆ కాఫీలోని కెఫీన్ సగం రాత్రి 2 గంటలకు కూడా మిగిలే ఉంటుంది. చదివినది జ్ఞాపకంగా స్థిరపడడానికో, నిద్ర అవసరం.

ఆందోళనలో అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను అధికంగా స్రవిస్తాయి. కొద్దిపాటి ఉద్వేగం ఏకాగ్రతకు తోడ్పడుతుంది. మితిమీరితే తెలిసినదీ గుర్తుకు రాదు. పెద్దల ఆదుర్దా పిల్లలకు ఇట్టే సోకుతుంది. కనుక కాఫీకి బదులు మజ్జిగ ఇచ్చి, మార్కుల మాట మాని, వేళకు దీపమార్పి తామూ నిద్రించడమే తల్లిదండ్రులు నెగ్గవలసిన పరీక్ష.