నల్లని నాయిక

మధ్యాహ్నము వంటిల్లు సర్దుకొన్న పిమ్మట ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు మా వసారాలో చేరుట చిరకాలపు వాడుక. అప్పుడు మేము భారతము చదివి అర్థము చెప్పుచుందుము. మొన్న ఆదిపర్వములో ద్రౌపది పుట్టిన ఘట్టము వచ్చినది. యజ్ఞవేదికనుండి వెలువడిన యా కన్య నల్లని మేనిచాయ గలదనియు, అందువలననే యామెకు కృష్ణ యను పేరు గలిగెననియు చెప్పితిమి. అంతవరకు చిక్కుడుకాయల ఈనెలు తీయుచు వినుచున్న పక్కింటి యమ్మాయి చేతిపని ఆపి, "చిన్నమ్మా, ద్రౌపది నల్లగుండెనా? మరి టీవీల తెల్లగ చూపిచ్చిరి గద!" అనెను.

మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆ పిల్ల చెప్పినది నిజమే. 1988 మొదలు 1990 వరకు దూరదర్శనములో వచ్చి, 2020లో జనులు ఇల్లు కదలరాని దినములలో మరల ప్రసారమైన బి.ఆర్. చోప్రా గారి "మహాభారత్" నందు రూపా గంగూలీ గారు ద్రౌపదిగా మిక్కిలి చక్కగ నటించిరి. నిండుసభలో ఆమె ప్రశ్నించు ఘట్టమున కంట తడి పెట్టనివారు మా వీథిలో లేరు. కాని యామె కృష్ణ గాదు. మేము చూచిన తెలుగు పౌరాణిక వర్ణచిత్రములలోను ఇంతే. నల్లనయ్యకు నీలిరంగు పూయుదురు. దేవుని నలుపు తెరమీద నీలమై శోభిల్లును. ద్రౌపదికి ఆపాటి నీలమునైన పూయవలెనని మాత్రము ఎవరికిని తోచినట్లు లేదు.

పూర్వులకు ఈ సంకోచము లేదు. వ్యాసుడు ఆమెను నల్లనిదానిగనే లోకోత్తర సౌందర్యవతినిగ వర్ణించెను. కాళిదాసు మేఘసందేశములో యక్షుని ప్రియురాలిని శ్యామ యనెను. అయితే వ్యాఖ్యాత మల్లినాథసూరి, మెతుకుసీమ కొలిచెలమవాడు, మన తెలంగాణమువాడే, శ్యామ యనగా యౌవనవతి యని యర్థము చెప్పెను. నిఘంటువు ఆయన పక్షమున నున్నది, కాదనము. కాని చిన్ననాడు తండ్రిగారి యొద్ద ఆ శ్లోకము చదువుకొనునప్పుడు, చామనచాయ పిల్లమైన మాకు ఆ వ్యాఖ్య కొంచెము కష్టము కలిగించినమాట దాచనేల?

ఇక మన కాలపు నల్లని నాయిక సంగతి. "స్టార్ మా"లో 2017 అక్టోబరునుండి 2023 జనవరివరకు 1500కు పైబడిన భాగములుగ సాగిన "కార్తీక దీపము"ను ఎరుగని యిల్లు మా ఆత్మకూరులో అరుదు. ఈ యూరు ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు రాజధాని; తిరుపతి వేంకటకవులు వచ్చి అవధానము చేసిన చోటు. ఆనాటి సభలో పద్యముల గుణదోషములు తర్కించినంత శ్రద్ధతో ఈనాటి అమ్మలక్కలు దీప కష్టములను, మోనిత కుట్రలను తర్కించిరనిన అతిశయోక్తి గాదు. మలయాళమున 2014లో మొదలైన "కరుత్తముత్తు" ఈ కథకు మూలము. కోడలు నల్లనిదని అత్త సౌందర్య మొదట ఆమెను రోసెను. డాక్టరైన భర్త అనుమానించెను. దీప వంటలు చేసి బ్రదుకుచు బిడ్డను పెంచుకొనెను. జనులు ఆమెను వంటలక్క యని తమ యింటి ఆడపడుచువలె పిలుచుకొనిరి.

ఈ కథలో అత్త మనస్సు మారిన తీరు మాకు మిక్కిలి నచ్చినది. సౌందర్య తన తప్పు తెలిసికొని, కన్నకొడుకును ఎదిరించి కోడలి పక్షమున నిలిచినది. భర్త పశ్చాత్తాపముకంటె మాకు అదియే ముఖ్యముగ తోచినది. మన కథలలో అట్టి అత్తలు తరచుగ కానరారు. నచ్చనిది యేమనగా, రంగుతో మొదలైన కథ కొన్నాళ్లకే రంగును మరచి అనుమానమును పట్టుకొన్నది. అనుమానము తీరినచో కథ ముగియును గావున ఏండ్ల తరబడి అది తీరలేదు. సీతమ్మకైనను అగ్నిప్రవేశమొకటితో ఒకమారు తీరినది. పాపము, దీపకు వారమునకు ఆరు దినములు అగ్నిప్రవేశమే. మరియొకటి. దీపగా నటించిన ప్రేమీ విశ్వనాథ్ గారు సహజముగ అంత నల్లనివారు కారు; రంగు పూసి నల్లన చేసిరి. ఆమె నటనకు వంక పెట్టుట మా యుద్దేశము గాదు. నల్లని నాయిక వలసినప్పుడుగూడ నల్లని నటిని వెదకుకొనరేల యని మాత్రమే మా ప్రశ్న.

ఆ ధారావాహిక ముగియుటకు ముందటి యేట మా పక్కింటి యమ్మాయికి ఒక సంబంధము వచ్చినది. పెండ్లికొడుకు తల్లి వచ్చి చాయ త్రాగుచు, టీవీలో దీపను చూచి, "పాపం, ఆ పిల్లకు ఎన్ని తిప్పలో!" అని కొంగుతో కన్నులొత్తుకొనెను. మేము అక్కడనే యుంటిమి. మూడవనాడు కబురు వచ్చినది: "పిల్ల మంచిగనే ఉన్నది గని, రంగు జర తక్కువున్నది." ఆ కబురు వినిన సాయంకాలము ఆ పిల్ల టీవీ ముందు కూర్చుండలేదు. తల్లి మాత్రము కూర్చుండెను.

వచ్చినావిడను నిందించుటకు మాకు నోరు రాలేదు. ఏలన, మా మరదికి సంబంధములు చూచునాడు మేమును ఒక పిల్ల ఫోటోను పక్కకు నెట్టినవారమే. చదువు, గుణము, కుటుంబము అన్నియు కుదిరినవి. చాయ తక్కువ యన్న నోరు మాదే. అప్పటికి మేము భారతము ముమ్మారు చదివి యుంటిమి.

తెరమీద ఈ విషయము క్రొత్త గాదు. తమిళమున 1963లో వచ్చిన "నానుమ్ ఒరు పెణ్" అను చిత్రమే 1965లో తెలుగున "నాదీ ఆడజన్మే" యయ్యెను. తిరులోకచందర్ గారు దర్శకులు. సావిత్రి, రామారావు, జమున గారలు నటించిరి. నల్లని పిల్ల గొప్పయింటి కోడలై వచ్చి, రంగు కారణముగ అవమానముల పాలై, నల్లని కన్నయ్య యెదుట మొరపెట్టుకొనును. సుశీల గారు పాడిన ఆ పాటను మా యమ్మగారు ఇప్పటికిని పూజగదిలో కూనిరాగము తీయుచుందురు. అది నలుపు తెలుపుల చిత్రము. అందులో ఎల్లరును బూడిదరంగువారే, ఒకరు కొంచెము ఎక్కువ, ఒకరు కొంచెము తక్కువ. అయినను సావిత్రి గారి ముఖము చూచిన దుఃఖము నిజమనిపించును. ఆమె ఓర్పుచేతను సేవచేతను ఆ యింటివారి మనస్సులను గెలుచుకొనును. మా ఆక్షేపణ ఇక్కడనే. నల్లని కోడలు తన రంగునకు అపరాధరుసుము చెల్లించినట్లు అంత సుగుణవతి యేల కావలెను? అప్పుడప్పుడు విసుగుకొని, ఒకనాడు అన్నము మాడ్చి, అయినను గౌరవముగ బ్రదుకు నల్లని కోడలి కథను మేమింకను చూడలేదు.

చామనచాయ నటి రంగు మాటయే రాకుండ నాయికయైన కాలమును కలదు. కోడూరి కౌసల్యాదేవి గారి నవలనుండి 1971లో "ప్రేమ్‌నగర్", యద్దనపూడి సులోచనారాణి గారి నవలనుండి 1976లో "సెక్రటరీ" వచ్చినవి. రెండింటికిని కె.ఎస్. ప్రకాశరావు గారు దర్శకులు, వాణిశ్రీ గారు నాయిక. ఆమె చీరకట్టును, కొప్పును ఆనాటి స్త్రీలు అద్దము ముందు నిలిచి అనుకరించిరి. నాయిక రంగునుబట్టి ఆ కథలు నడువలేదు. అదియే మాకు ముచ్చట. నవలలయందు మరియొక సౌకర్యము కలదు. రచయిత్రి ఎంత వర్ణించినను, చదువరి తెలియకయే తన ముఖమును నాయికకు తొడుగుకొనును. యద్దనపూడి వారి నవలలను పొయ్యి దగ్గర దాచుకొని చదివిన పడతులలో ఎందరు నల్లనివారో, వారందరును చదివినంతసేపు ఆ మేడలో నడచినవారే. తెర ఆ స్వాతంత్ర్యమును తీసికొని ఒకే ముఖము నిచ్చును.

బి. నరసింగరావు గారి "దాసి"నిగూర్చి చెప్పకున్న లోపము. 1988 నాటి చిత్రము. తెలంగాణపు గడీలో అడబాపగ నలిగిన స్త్రీ కథ. అర్చన గారు అందు నటించి జాతీయ ఉత్తమనటి పురస్కారము పొందిరి. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. మేము చూచిన తెలుగు చిత్రములలో ఇంత నిజమైన ముఖము మరియొకటి లేదు. కాని నల్లని నటికి దాసి వేషము తేలికగ దొరకును, దొరసాని వేషము దొరకదు. 2020 నాటి "కలర్ ఫోటో" కూడ నలుపునుగూర్చిన చిత్రమే, చక్కని చిత్రమే; అందలి నలుపు మగవానిది.

ధారావాహికల నడుమ వచ్చు ప్రకటనలను ఎవరును విమర్శింపరు గాని, దినమున కెక్కువమార్లు చూచు కథలు అవియే. 1975నుండి అమ్మబడుచున్న "ఫెయిర్ అండ్ లవ్లీ" 2020లో తన పేరులోని తెలుపును వదలుకొని "గ్లో అండ్ లవ్లీ" యయ్యెను. మా వీథి దుకాణములో ఇప్పటికిని దానిని పాతపేరుతోనే అడుగుదురు, పాతపేరుతోనే ఇత్తురు.

పక్కింటి యమ్మాయికి ఈ మాసమున మరల ఒకచోటినుండి ఫోటో అడిగిరి. స్టూడియోవాడు అడుగకయే చాయను మార్చి, తెల్లన చేసి ఇచ్చెనట. తల్లి సంతోషించి దానిని కవరులో పెట్టినది. పిల్ల మరునాడు ఆ ఫోటో తీసికొని స్టూడియోకు తిరిగిపోయి, ఉన్నది ఉన్నట్లు మరియొకటి వేయించుకొని, నేరుగ మా యింటికి వచ్చి చూపినది. నేరేడుపండు రంగు గద్వాల చీర కట్టుకొని తీయించుకొన్నది. బాగున్నది. ఏది పంపవలెనో తల్లీబిడ్డలకు ఇంకను తేలలేదు.