తెలుగు అక్షరచిత్రాలకు ఖరీదైన సాఫ్ట్‌వేరే కావాలా?

హైదరాబాద్‌లో మదీనాగూడ నుంచి చందానగర్ దాకా ముంబై హైవే పక్కన ఫ్లెక్సీల మీద అక్షరాలకు నీడలు, మెరుపులు, లోపల ఫొటోలు కనిపిస్తుంటాయి. ఇలాంటివి చేయాలంటే ఫోటోషాప్ తప్పదని, అది నేర్చుకోవడానికి మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట శిక్షణ కేంద్రాలకు వెళ్లాల్సిందేనని చాలామంది నమ్మకం. కొనలేనివాళ్లు దొంగ కాపీతో సరిపెట్టుకుంటారు. ఆ అవసరమే లేదు. ఫొటోలు దిద్దే గింప్ 1996 నుంచీ, గీతలతో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ 2003 నుంచీ ఉచితంగా దొరుకుతున్నాయి. అక్షరచిత్రానికి కావలసిన లేయర్లు (పొరలు), మాస్కులు (అక్కర్లేని భాగాన్ని దాచే ముసుగులు), పాత్‌లు (గీతలతో ఏర్పడే ఆకారాలు) వీటిలో ఉన్నాయి. నీడ వేశాక అక్షరాలు మార్చలేమన్న ఫిర్యాదు గింప్ పాత వెర్షన్ల విషయంలో న్యాయమైనదే కానీ, 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌తో అదీ తీరింది. తెలుగు అక్షరచిత్రాలు పేలవంగా ఉంటున్నాయంటే, ఫాంటునూ అక్షరం ఆకారాన్నీ పట్టించుకోకపోవడమే అందుకు కారణం. సాఫ్ట్‌వేర్ ధరకు అందులో పాత్ర లేదు.

‘ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు విరిగిపోతుంది’ అన్నది అన్నిటికన్నా బలమైన అపోహ. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు ముక్కలను కూర్చినవి. ఆ ఫాంటు లేని చోట అదే మేటర్ అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. తప్పు గింప్‌ది కాదు. ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. గింప్ లోపల హార్ఫ్‌బజ్ అనే అక్షర కూర్పు యంత్రాంగం ఉంది కాబట్టి యూనికోడ్ ఫాంటులో ‘రాష్ట్రం’ అని టైప్ చేస్తే టవత్తు, రవత్తు వాటి వాటి చోట్లలో కూర్చుంటాయి. మంచి ఫాంట్లు లేవనడమూ సరికాదు. సిలికానాంధ్ర సంస్థ అందించిన రామభద్ర, ధూర్జటి, మండలి, ఎన్‌టీఆర్ వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో దొరుకుతాయి. దుకాణం బోర్డుకైనా, పెళ్లి కార్డుకైనా నిక్షేపంగా వాడుకోవచ్చు. ఫాంటునే విడిగా అమ్మకూడదు, అంతే. ఫ్లెక్సీ షాపులో ఈ ఫాంట్లు ఉండవు కదా అంటారేమో! ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను పాత్‌లుగా మార్చి పీడీఎఫ్ ఇస్తే అక్కడ ఫాంటు అవసరమే రాదు.

బొమ్మలు వేయడం రానివాళ్లకు అక్షరచిత్రం అబ్బదన్న మాట కూడా అపోహే. పద్మబంధం, నాగబంధం అంటూ అక్షరాలను ఒక ఆకృతిలో అమర్చే బంధకవిత్వం మన సాహిత్యంలో ఎప్పటినుంచో ఉంది. అక్కడ కావలసింది అమరిక మీద పట్టు. ఇక్కడా అంతే. అక్షరాల్లో ఫొటో నింపే పని చూడండి. గింప్‌లో ఫొటో తెరిచి, దాని మీద పదం టైప్ చేసి, ఆ టెక్స్ట్ లేయర్‌పై ‘ఆల్ఫా టు సెలెక్షన్’ నొక్కాలి. తర్వాత ఫొటో లేయర్‌కు మాస్క్ జతచేస్తూ ‘సెలెక్షన్’ ఎంచుకుని, టెక్స్ట్ లేయర్‌ను దాచేస్తే సరి. చెయ్యి తిరగాల్సిన పని ఇందులో ఏమీ లేదు, చూపు మాత్రం కావాలి. సన్నని గీతల ఫాంటు తీసుకుంటే లోపలి ఫొటో ఏమిటో తెలియదు. రామభద్ర లాంటి లావుపాటిది కావాలి. ‘గ’, ‘శ’ లాంటి అక్షరాల్లో తలకట్టు విడిగా ఉంటుంది కాబట్టి మరీ మందమైన అంచు వేస్తే అది ఒంటికి అతుక్కుపోయి అక్షరం ముద్దవుతుంది. రెండు వరుసలు రాస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. వరుసల మధ్య ఎడం పెంచాలి. ఇంగ్లిష్ పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే ఆ లిపికి ఈ ఇబ్బందులు లేవు.

ఉచిత సాధనాలకు హద్దులు లేవని కాదు. గింప్ ప్రధానంగా తెర రంగుల్లో పనిచేస్తుంది. నాలుగు రంగుల అచ్చుకు వెళ్లే పుస్తకమైతే స్క్రైబస్ మేలు, అదీ ఉచితమే. ఏజెన్సీ ఉద్యోగాల్లో ఫోటోషాప్ అడుగుతారన్నదీ నిజమే. కానీ లేయర్, మాస్క్, పాత్ ఒకచోట అర్థమైతే ఇంకోచోట మెనూలు వెతుక్కోవడమే మిగులుతుంది. తోడు కావాలనుకుంటే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ మదీనాగూడకు దగ్గరలోని గచ్చిబౌలిలోనే ఉంది. అధికారిక సైట్ నుంచి గింప్ దించుకుని, ఒక్క పదంతో ఈ వారమే మొదలుపెట్టండి. గింప్ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.