మీకు తెలుసా? తెలియని తడి తగిలితే...

బస్సు సీటు మీదో, ఆస్పత్రి బల్ల మీదో ఏదో తడి చేతికి అంటగానే చాలామందికి హెచ్‌ఐవీ భయం పట్టుకుంటుంది. నిజాలివీ:

• గాయం లేని చర్మం గుండా హెచ్‌ఐవీ లోపలికి వెళ్లదు. చెమట, కన్నీళ్లు, ఉమ్మి వల్ల సోకదు.

• హెపటైటిస్‌-బి వైరస్‌ మాత్రం ఎండిన రక్తపు మరకలోనూ కనీసం 7 రోజులు బతకగలదు. దీనికి టీకా ఉంది.

• తడి తగిలినచోట సబ్బుతో కడిగితే చాలు. కంట్లో పడితే శుభ్రమైన నీళ్లు ధారగా పోయాలి. బ్లీచింగ్‌ వాడొద్దు.

• ఇతరుల రక్తం పుండుకో, కంటికో తగిలినా, వాడిన సూది గుచ్చుకున్నా వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి.

సందేహముంటే ఎయిడ్స్‌ హెల్ప్‌లైన్‌ 1097కు ఉచితంగా ఫోన్‌ చేయండి. భయంతో రోజులు గడపకండి.