ఇంజన్‌లోని పంజాగుట్ట చౌరస్తా

"హైబ్రిడ్ కదండీ, మోటారే లాగుతుంది. దానికి టైమింగ్ చైన్‌తో పనేముంది?" అమీర్‌పేటలో టీ కొట్టు దగ్గర ఈ మాట ఒక్కరే అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. నెల తిరక్కుండా ముగ్గురన్నారు. మూడో ఆయన ఇంకో ముక్క కూడా కలిపాడు: "చైనంటే ఇనుము. బెల్టులా తెగదు. జన్మలో చూడక్కర్లేదు." ఈ రెండో మాట మొదటిదానికన్నా ఖరీదైన పొరపాటు.

నాలుగు స్ట్రోకుల పాఠం బళ్లో చదివిందే, మళ్లీ చెప్పను. ఒక్క లెక్క గుర్తుంటే చాలు: కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరగాలి. అందుకే కింది పళ్లచక్రానికి 18 పళ్లుంటే పైదానికి 36 ఉంటాయి. ఆ రెంటినీ కట్టిపడేసేది టైమింగ్ చైను. క్యామ్ తిరుగుతూ వాల్వుల్ని తెరుస్తుంది, మూయనిస్తుంది.

సాయంత్రం ఆరింటికి పంజాగుట్ట చౌరస్తాలో నిలబడి చూడండి. అమీర్‌పేట నుంచి వచ్చేవాళ్లకు పచ్చ పడితే బంజారాహిల్స్ వైపువాళ్లకు ఎర్ర ఉండాలి. ఒకరు పూర్తిగా ఖాళీ చేశాకే ఇంకొకరు రావాలంటే బండ్లు పొద్దుపోయేదాకా కదలవు. కాబట్టి వెళ్లేవాళ్ల తోక ఇంకా చౌరస్తాలో ఉండగానే వచ్చేవాళ్ల ముక్కు లోపలికి దూరుతుంది. ఇంజన్‌లోనూ అంతే. పొగ బయటికి పోయే వాల్వు పూర్తిగా మూసుకోకముందే గాలి వచ్చే వాల్వు కాస్త తెరుచుకుంటుంది. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. మన ఆటోలు పసుపు లైటును వాడుకునే తీరు ఇదే, కాకపోతే ఇంజన్‌లో దీనికి డిగ్రీల లెక్క ఉంది. ఇక పిస్టన్ సంగతంటారా, అది సిగ్నల్ చూడని సిటీ బస్సు. పైకి రావాల్సిన సమయానికి వచ్చి తీరుతుంది. అప్పటికి వాల్వు కిందికి వేలాడుతూ ఉంటే, చాలా ఇంజన్లలో, గుద్దేస్తుంది. వాల్వులు వంగుతాయి, హెడ్ దించాలి.

మరి హైబ్రిడ్ ఇంజన్లో తేడా ఎక్కడ? 1997 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలైన టయోటా ప్రియస్ మొదలు, మన రోడ్ల మీద తిరిగే గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్ దాకా వాడేది ఆట్కిన్సన్ పద్ధతి. 19వ శతాబ్దంలో జేమ్స్ ఆట్కిన్సన్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు చిక్కుముడి లింకులతో సాధించిన పనిని, ఇప్పుడు గాలి వాల్వును ఆలస్యంగా మూయడంతో కానిచ్చేస్తున్నారు. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టినా వాల్వు తెరిచే ఉంటుంది. వచ్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది, చౌరస్తా మధ్యదాకా వచ్చిన ఆటో పోలీసును చూసి రివర్స్ కొట్టినట్టు. దానివల్ల నొక్కేది తక్కువ, మండాక వ్యాకోచించేది ఎక్కువ. ఇంధనం నుంచి ఎక్కువ పని పిండుకోవచ్చు. 2015 నాటి ప్రియస్ ఇంజన్‌కు 40 శాతం ఉష్ణ సామర్థ్యం ఉందని టయోటా ప్రకటించింది. ఇలా చేస్తే తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది, ఆ లోటు మోటారు పూడుస్తుంది. అంటే ఈ ఇంజన్ బతుకంతా వాల్వు ఎప్పుడు మూసుకోవాలన్న లెక్క మీదే ఆధారపడి ఉంది. దానికే చైన్ అక్కర్లేదట!

ఆ పూడ్చే గుణమే చిక్కు తెచ్చిపెడుతుంది. మామూలు బండిలో టైమింగ్ తప్పితే పికప్ పోతుంది, డ్రైవరుకు తెలిసిపోతుంది. హైబ్రిడ్‌లో మోటారు కప్పిపుచ్చుతుంది. మైలేజీ తగ్గుతుంది, మనం పెట్రోల్ బంకును తిట్టుకుంటాం. చివరికి చెక్ ఇంజన్ లైటు వెలిగి స్కానర్‌లో పి0016 కనిపిస్తుంది. క్రాంకూ క్యామూ ఒకదాని మాట ఒకటి వినడం లేదని దాని భావం.

చైన్ "సాగింది" అంటారు గానీ, ఇనుము రబ్బరులా సాగదు. లింకుల్ని కలిపే పిన్నులు అరుగుతాయి. 122 లింకుల చైనులో ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో నూరోవంతు అరిగినా, మొత్తం మీద మిల్లీమీటరు పైచిలుకు పొడవు పెరుగుతుంది. నూనె ఒత్తిడితో పనిచేసే టెన్షనర్ ఆ వదులును లాగేస్తుంది. వదులును లాగుతుంది తప్ప ఆలస్యాన్ని తీయదు. క్యామ్ వెనకబడే ఉంటుంది. నూనె మురికైతే అరుగుదల ఇంకా ఎక్కువ. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషన్. ఆ దూరానికి కారు తీస్తే ఇంజన్ సరిగా వేడెక్కదు, కాలని పెట్రోలు నూనెలో కలుస్తుంది. "ఇంజన్ తిరిగిందే తక్కువ" అని ఆయిల్ మార్పు వాయిదా వేసేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇక సొంతంగా కట్టించుకునే ఇంజన్లు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు ఆకారంలో, బర్గర్ ఆకారంలో కార్లున్నాయి. పై తొడుగు ఎలాగైనా మార్చుకోండి, లోపలి లెక్క మారదు. ఒక బ్లాకుకు ఇంకో హెడ్ తగిలించి, పక్కన మోటారు పెడితే కంపెనీ మార్కుల్ని గుడ్డిగా నమ్మకూడదు. ఫేసింగ్ కొట్టించి హెడ్ పల్చబడినా సరే, క్రాంకుకీ క్యామ్‌కీ దూరం తగ్గి టైమింగ్ జరుగుతుంది. (ఇలాంటి బండి రోడ్డెక్కాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ముందే ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో అడిగి రండి.)

ముందు తేల్చాల్సింది పిస్టన్ అసలు శిఖరం. ఉయ్యాల పైకి వెళ్లి ఆగినట్టు, పిస్టన్ కూడా పైన కొన్ని డిగ్రీలపాటు కదలనట్టే ఉంటుంది. కంటితో పట్టలేం. అందుకే స్పార్క్ ప్లగ్ రంధ్రంలో ఒక అడ్డు బిగించి, డిగ్రీ చక్రం పెట్టి, క్రాంకును మెల్లగా ఒకవైపు తిప్పి పిస్టన్ తగిలిన చోట అంకె రాసుకోవాలి. తర్వాత రెండోవైపు తిప్పి ఇంకో అంకె. రెండు అంకెలకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది శిఖరం. అడ్డు తీసేయడం మరిచిపోకండి. చైన్ ఎక్కించేటప్పుడు చక్రం మీద ఒక్క పన్ను తప్పితే క్యామ్ దగ్గర 10 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 20. కొంచెమే కదా అనడానికి లేదు.

హైబ్రిడ్ మీద చెయ్యి పెట్టేముందు తాళం దూరంగా పెట్టండి. బండి "రెడీ"లో ఉంటే ఇంజన్ ఎప్పుడైనా దానంతటదే తిరగడం మొదలుపెట్టగలదు. నారింజ రంగు వైర్లు పెద్ద వోల్టేజివి. సర్వీస్ ప్లగ్గు పీకాక కనీసం 10 నిమిషాలు ఆగాలి. నేను చూసిన ఒక షెడ్డులో ప్లగ్గు పీకలేదు, బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ మాత్రం శ్రద్ధగా కట్టారు. కరెంటుకు దిష్టి తెలియదు.

చైన్ రంగు లింకుల్ని చక్రాల మార్కులకు కలిపి, వదులంతా టెన్షనర్ వైపుకు నెట్టి, టెన్షనర్‌ను పట్టి ఉంచే పిన్ను లాగాక, పానాతో క్రాంకును రెండు చుట్లు తిప్పి చూడాలి. చక్రాల మార్కులు మళ్లీ కుదురుతాయి. రంగు లింకులు మాత్రం ఎక్కడో ఉంటాయి! కుర్ర మెకానిక్కులు ఇక్కడే హడలిపోయి మొత్తం విప్పేస్తారు. వారాలు ఏడు, నక్షత్రాలు 27. రోజుకో నక్షత్రం చొప్పున లెక్కేస్తే, ఆదివారం నాడు అశ్విని వచ్చాక మళ్లీ ఆ జంట కుదరడానికి 189 రోజులు. ఇదీ అదే క.సా.గు. పై చక్రం 36 పళ్లకూ 122 లింకులకూ లెక్కేస్తే, రంగులు మళ్లీ కలవడానికి క్రాంక్ 122 చుట్లు తిరగాలి. చేత్తో అంత తిప్పే ఓపిక ఎవరికుంటుంది? కవరు బిగించి ఇంజన్ వేస్తే, నిమిషానికి వెయ్యి చుట్ల వేగంలో ఏడు సెకన్లకోసారి ఆ రంగులు వచ్చి కలిసి పోతుంటాయి, మనం చూడం.