అంతర కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలు : స్వరూపం, ప్రయోజనం

కళాశాలల మధ్య ఏటేటా జరిగే బాస్కెట్‌బాల్ పోటీల ఫలితాలను మనం నోటీసు బోర్డు మీద ఒకటి రెండు పంక్తులలో చదువుతూ ఉంటాము. మన జట్టు మొదటి రౌండులోనే ఓడిపోయినదని తెలిస్తే అంతటితో ఆ విషయం ముగిసినదని భావిస్తాము. మరుసటి సంవత్సరం జట్టును పంపవలెనా, వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ ఓటమినే కారణంగా చూపుతాము. కాని ఈ పోటీలు ఏ విధంగా నిర్మించబడినవో, వాటి అంతిమ ప్రయోజనం ఏమిటో తెలిసినవారు ఆ విధంగా తలచరు. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాలలోని చిన్న కళాశాలలకు ఈ పరిజ్ఞానం మరింత అవసరం.

ఆట పూర్వ చరిత్ర

ఈ క్రీడ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో పుట్టినది. చలికాలంలో విద్యార్థులు భవనం లోపలనే ఆడుకొనుటకు వీలుగా జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు దీనిని రూపొందించెను. పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల ఎత్తున కట్టి, పదమూడు నియమాలను వ్రాసి ఆట ప్రారంభించెను. నియమాలు ఎన్నో మారినవి గాని ఆ పది అడుగుల ఎత్తు నేటికీ మారలేదు.

మన దేశానికి కూడా ఈ ఆట వై.ఎం.సి.ఏ. ద్వారానే వచ్చినది. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాల దక్షిణ దేశమంతటికీ వ్యాయామోపాధ్యాయులను అందించినది. పురుషుల జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో మొదలైనవి. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడినది. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలలో మన జట్టు పాల్గొన్నది. బొంబాయిలోని నాగపాడా అనే ఇరుకు పేటలో ఆట నేర్చుకొన్న అబ్బాస్ మున్‌తసిర్ భారత జట్టుకు నాయకత్వం వహించి, 1970 సంవత్సరపు అర్జున పురస్కారాన్ని పొందినారు. విశాలమైన మైదానాలు లేని చోటనే ఈ ఆట వర్ధిల్లగలదనుటకు ఇదొక నిదర్శనం. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు మాత్రమే. కోర్టులో దిగేవారు జట్టుకు అయిదుగురు. చిన్న కళాశాలకు ఇంతకంటె అనువైన ఆటలు కొన్నే ఉన్నవి.

పోటీల సోపానం

ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలన్నీ పాల్గొనే పోటీ మొదటి మెట్టు. ఈ ప్రాంతపు కళాశాలలు వేర్వేరు కాలాలలో వేర్వేరు విశ్వవిద్యాలయాల నీడన ఉండినవి. 1954లో స్థాపితమైన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1981లో అనంతపురంలో వెలసిన శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, ఆపైన 2008లో కర్నూలులో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం వరుసగా ఆ బాధ్యత వహించినవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైనది.

రెండవ మెట్టు దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీ. ఇందులో కళాశాల జట్లు ఉండవు, విశ్వవిద్యాలయ జట్లే ఉంటవి. అక్కడ ముందు నిలిచినవి మూడవ మెట్టయిన అఖిల భారత పోటీకి వెళ్లును. వీటిని భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతున్నది. 1925లో అంతర విశ్వవిద్యాలయ బోర్డుగా ఆరంభమైన సంస్థయే 1973లో ఈ పేరు ధరించినది. 2020లో భువనేశ్వరంలో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ఈ సోపానానికి మరొక మెట్టును చేర్చినవి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించవలసి ఉన్నది. అమెరికాలో కొన్ని కళాశాలలు కలసి ఒక మండలిగా ఏర్పడి, సీజనంతా పరస్పరం ఆడి, చివరకు ఒక ముగింపు పోటీ జరుపుకొంటవి. ఆ పోటీలో గెలిచిన కళాశాల జట్టు జట్టుగానే జాతీయ పోటీకి వెళ్లును. మన పద్ధతి అది కాదు. కప్పు గెలిచిన కళాశాల కప్పుతో ఇంటికి వచ్చును. పై మెట్టుకు వెళ్లేది అన్ని కళాశాలల నుండి ఏరిన ఆటగాళ్లతో కూర్చిన విశ్వవిద్యాలయ జట్టు. సాధారణంగా ఎంపిక సంఘం వారు పోటీలు చూచి కొందరి పేర్లు వ్రాసుకొని, వారికి శిక్షణ శిబిరం ఏర్పాటు చేసి, చివరకు పన్నెండుగురిని నిర్ణయిస్తారు. కనుక ఒక కళాశాల మొదటి రౌండులోనే ఓడిపోయినను, ఆ జట్టులోని ఒక్క ఆటగాడు ఎంపిక కావచ్చును. కళాశాల ఓటమి విద్యార్థి ఓటమి కానవసరం లేదు. అయితే జట్టు వెళ్లకపోతే మాత్రం ఆ విద్యార్థిని చూచే కన్నులు లేవు.

నాకౌట్, లీగ్ పద్ధతులు

పోటీ పట్టికను చదువుట ఒక చిన్న గణితం. నాకౌట్ పద్ధతిలో ప్రతి ఆటలో ఒక జట్టు తొలగిపోవును. కావున జట్ల సంఖ్య కంటె ఒకటి తక్కువ ఆటలు సరిపోవును. పదకొండు కళాశాలలు వచ్చినవనుకొందాము. పదకొండు దాటిన తరువాత రెండు యొక్క ఘాతసంఖ్య పదహారు. పదహారు నుండి పదకొండు తీసివేయగా వచ్చే అయిదు జట్లకు మొదటి రౌండులో ఆట లేకుండా 'బై' లభించును. మిగిలిన ఆరు జట్లు మూడు ఆటలు ఆడును. గెలిచిన మూడు, బై పొందిన అయిదు కలసి ఎనిమిది జట్లు క్వార్టర్ ఫైనల్ చేరును. బలమైన జట్లు ఆరంభంలోనే ఒకదానికొకటి ఎదురుపడకుండ వేర్వేరు భాగాలలో ఉంచుటను సీడింగ్ అంటారు.

నాకౌట్‌లో ఒక్క చెడ్డ దినం ఏడాది శ్రమను తుడిచివేయగలదు. అందువలన నాలుగు జట్లు మిగిలేవరకు నాకౌట్ జరిపి, ఆ నాలుగింటికి లీగ్ జరుపుట మన దేశంలో పరిపాటి. అప్పుడు పై ఉదాహరణలో ఏడు నాకౌట్ ఆటలు, ఆరు లీగ్ ఆటలు, వెరసి పదమూడు అవును. లీగ్‌లో గెలుపుకు రెండు పాయింట్లు, ఓటమికి ఒకటి. ఆటకు రాకపోయిన జట్టుకు సున్న. ఓడినను ఆడినవారికి ఒక పాయింటు దక్కుటలో ఒక నీతి కూడా ఉన్నది.

మూడు జట్లు సమానంగా నిలిచినప్పుడు ప్రేక్షకులు తికమక పడతారు. క, గ, చ అనే జట్లు మూడూ నాలుగవ జట్టును ఓడించినవనుకొందాము. క జట్టు గ జట్టును 58–50తో, గ జట్టు చ జట్టును 61–58తో, చ జట్టు క జట్టును 55–51తో గెలిచినవి. మూడింటికీ అయిదేసి పాయింట్లు. అప్పుడు ఆ మూడింటి మధ్య జరిగిన ఆటలలోని తేడాలనే లెక్కించవలెను. క జట్టుకు నాలుగు అధికం, చ జట్టుకు ఒకటి అధికం, గ జట్టుకు అయిదు తక్కువ. వరుస క, చ, గ. అదే క జట్టు చ జట్టు చేతిలో నాలుగుకు బదులు పది తేడాతో ఓడి ఉంటే మొదటి స్థానం చ జట్టుకు పోయేది. ఓడిపోతున్న ఆటలో చివరి నిమిషపు బుట్ట కూడా వృథా కాదని దీనివలన తెలియును.

చిన్న జట్టుకు జాగ్రత్తలు

ఇప్పటి నియమాల ప్రకారం ఆట పదేసి నిమిషాల నాలుగు భాగాలు. 2000కు పూర్వం ఇరవైయేసి నిమిషాల రెండు భాగాలుండేవి. 1984లో అంతర్జాతీయ నియమాలలో చేరిన మూడు పాయింట్ల గీత ఇప్పుడు బుట్ట నుండి 6.75 మీటర్ల దూరాన ఉన్నది. బంతి చిక్కిన జట్టు 24 సెకన్లలోగా బుట్టకు వేయవలెను. సమానంగా ముగిస్తే అయిదు నిమిషాల అదనపు కాలం ఇస్తారు.

పన్నెండుగురు ఉన్న జట్టుకూ, ఏడుగురితో వచ్చిన జట్టుకూ అసలు భేదం ఫౌళ్లలో కనిపించును. అయిదు ఫౌళ్లు చేసిన ఆటగాడు ఆట విడువవలెను. ఒక భాగంలో జట్టు మొత్తానికి నాలుగు ఫౌళ్లు దాటినచో ఎదుటివారికి రెండేసి ఫ్రీ త్రోలు లభించును. కనుక చిన్న జట్టు చేతులతో కాక కాళ్లతో కాపుకాయుట నేర్వవలెను. ఫ్రీ త్రోకు ఎత్తు అవసరం లేదు, అడ్డగించేవారూ లేరు. సాయంకాలం ఒంటరిగా అభ్యసించదగిన విద్య అది.

విద్యార్థినుల విషయం

స్త్రీల బాస్కెట్‌బాల్ 1976లో ఒలింపిక్ క్రీడలలో చేరినది. కాని తలపై వస్త్రం ధరించి ఆడుట అంతర్జాతీయ నియమాల ప్రకారం చాలాకాలం నిషిద్ధం. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో ఖతర్ మహిళల జట్టు ఈ కారణంగానే పోటీ నుండి తప్పుకొన్నది. అనంతరం అంతర్జాతీయ సమాఖ్య ఈ నియమాన్ని పునఃపరిశీలించి, 2017 అక్టోబరు 1 నుండి నిర్ణీత కొలతలకు లోబడిన తలవస్త్రాన్ని అనుమతించినది. మన విద్యార్థినులను ఆటకు దూరంగా ఉంచుటకు ఇక నియమాలను కారణంగా చూపుటకు వీలు లేదు. కావలసినది అభ్యాసానికి వేళ, తోడు వచ్చే అధ్యాపకురాలు, తల్లిదండ్రులకు ఒక మాట.

ఒక ఓటమి చరిత్ర

1937లో అమెరికాలోని కాన్సస్ సిటీలో చిన్న కళాశాలల కొరకే ఒక జాతీయ పోటీ మొదలైనది. ఎనిమిది జట్లతో ఆరంభమై మరుసటి ఏడే 32 జట్లకు పెరిగినది. కాని అందులో నల్లజాతి ఆటగాళ్లకు ప్రవేశం లేదు. 1947లో ఇండియానా స్టేట్ కళాశాలకు ఆహ్వానం రాగా, తమ జట్టులోని క్లారెన్స్ వాకర్ అనే నల్లజాతి విద్యార్థిని విడిచి రాలేమని శిక్షకుడు జాన్ వుడెన్ దానిని తిరస్కరించెను. 1948లో ఆ నిషేధం తొలగినది. వాకర్ ఆడెను. ఇండియానా స్టేట్ ఫైనల్ వరకు వెళ్లి ఓడిపోయినది. తొమ్మిదేండ్ల తరువాత, 1957 నుండి 1959 వరకు వరుసగా మూడుసార్లు, టెనెసీ రాష్ట్రంలోని ఒక నల్లజాతి కళాశాల అదే పోటీలో విజేతగా నిలిచినది. 1948 నాటి ఓటమి తెరచిన తలుపు గుండానే ఆ విజయాలు వచ్చినవని చెప్పవచ్చును.

ముగింపు

నంద్యాల నుండి ఆళ్లగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. కర్నూలు సుమారు డెబ్భై. బస్సు చార్జీలు, రెండు పూటల భోజనం, ఏడెనిమిది జతల బూట్లు, రెండు బంతులు, ఒక ఫిజికల్ డైరెక్టర్ శ్రద్ధ, ఇవి ఉంటే జట్టు బయలుదేరగలదు. ఇది గెలిచేవారికి మాత్రమే చేయదగిన వ్యయమని కళాశాల కమిటీ వారు భావించరాదు. విద్యార్థి మిత్రులు కూడా ఫలితం ఒక్కటే అడుగక, మనవారిలో ఎవరి పేరు ఎంపిక సంఘం వ్రాసుకొన్నదని అడుగుట అలవరచుకొనవలెను. ఆ పట్టికలో ఏదో ఒక సంవత్సరం మన కళాశాల పేరు కనిపించవలెనంటే, ప్రతి సంవత్సరం మన జట్టు కోర్టులో కనిపించవలెను.