సముద్రం అవతలి పందెం, వాడలోని ఖాతా

పోతే ఐదొందలు, వస్తే ఐదువేలు. ఫోనులో ఆడే విదేశీ బెట్టింగు సైట్ల గురించి చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల్లో వినబడే లెక్క ఇంతే. ఈ లెక్కలో పోయేది పందెం డబ్బు ఒక్కటే. నిజానికి పోయేవాటన్నిటిలోకీ చిన్నది అదే. పొలమూ మిల్లూ ఉన్న ఇంటి కుర్రాడు పోగొట్టుకునేదీ, పత్తి ఏరి, మిరపకాయ కోసి బతికే ఇంటి కుర్రాడు పోగొట్టుకునేదీ ఒకటి కాదు. ఆ తేడా ఎక్కడుందో చూడటమే ఈ వ్యాసం పని.

పత్తికీ దూరదేశపు జూదానికీ పాత చుట్టరికం ఉంది. న్యూయార్కు పత్తి ఎక్స్ఛేంజీ ధరలు తంతి మీద బొంబాయికి వచ్చేవి. పొద్దున ధర ఎంతతో మొదలవుతుంది, ఎంతతో ముగుస్తుంది అని అక్కడ పందేలు కాసేవారు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయాక కుండలోంచి చీటీ తీసి అంకె చెప్పే పద్ధతి వచ్చింది. మట్కా అంటే కుండే. పత్తి పండించినవాడికీ, ఏరిన ఆడవాళ్లకూ ఆ అంకెలతో ఏ సంబంధమూ లేదు. అయినా మట్కా కట్టించుకునేవాడికి ఒక వీధి ఉండేది, ఒక పేరు ఉండేది. గెలిచినవాడు పోయి గల్లా పట్టుకుని అడగగలిగేవాడు. ఊళ్లో పేకాట ఆడించేవాడైనా అంతే. ఇవ్వకపోతే మర్నాడు వాడి దగ్గరికి ఎవరూ పోరు.

ఫోనులో సైటుకి ఆ వీధి లేదు. అడుగున చిన్న అక్షరాల్లో కురసావో లైసెన్సు అని ఉండొచ్చు. కురసావో కరీబియన్ సముద్రంలో నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమైన చిన్న ద్వీపం. 1990ల నుంచి ప్రపంచానికంతటికీ జూదం లైసెన్సులు ఇచ్చింది. చాలాకాలం అక్కడ నాలుగైదు సంస్థలు పెద్ద లైసెన్సు తీసుకుని వందలాది సైట్లకు ఉపలైసెన్సులు పంచాయి. 2024 డిసెంబరులో చట్టం మార్చి కాస్త బిగించారు. బిగిస్తే మనకేం ఒరిగింది? అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదు. పైగా 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందమే చెల్లదు. గెలిచిన సొమ్ము ఇప్పించమని దావా వేసే వీల్లేదు.

అసలు డబ్బు ఆ సైటుకి నేరుగా పోదు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక ఏజెంటు 'ఐడీ' ఇస్తాడు. యూపీఐలో డబ్బు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాలోకి పోతుంది. రేపు ఆ ఖాతా ఉండదు, ఇంకోటి వస్తుంది. సైటు అడ్రసూ అంతే. 2020 అక్టోబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 132 సైట్లు, యాప్‌లు ఆపించమని కేంద్రానికి ఉత్తరం రాసింది. ఒకటి ఆపితే పేరులో ఒక అక్షరం మార్చుకుని మళ్లీ తెరుచుకునే బాపతు ఇవి. మొదట చిన్న మొత్తాలు గెలిస్తే వెంటనే వేస్తారు. నమ్మకం కుదరడానికి ఎర అది. పెద్ద మొత్తం తీసుకోబోయేసరికి ఆధార్ పంపు అంటారు, పన్ను ముందు కట్టు అంటారు. గెలిచిన డబ్బు తీసుకోవడానికి ఎదురు డబ్బు కట్టమంటే అది మోసమే, రెండో ఆలోచన అక్కర్లేదు.

సైటు నిజాయితీగా నడిచిందనే అనుకుందాం. సమానమైన రెండు జట్ల మీద వందకు నూటతొంభై ఇస్తానంటాడు. రెండు జట్ల మీదా చెరో వంద పడితే వాడికి రెండొందలు వచ్చాయి, ఎవరు గెలిచినా ఇచ్చేది నూటతొంభై. అంటే కాసిన ప్రతి వందలో సగటున ఐదు రూపాయలు వాడివి. ఇప్పుడు బోనసు చూడండి. వెయ్యి కడితే ఇంకో వెయ్యి ఉచితం, కానీ బోనసుకు ముప్పై రెట్లు ఆడాకే డబ్బు తీసుకోవాలి అని షరతు పెట్టాడనుకోండి. ముప్పైవేల రూపాయల పందేలు కాయాలి. వందకు ఐదు చొప్పున పదిహేనువందలు పోతాయి. ఉచితంగా ఇచ్చింది వెయ్యి! ఈ లెక్క ఏడో తరగతి పిల్లలు వేయగలరు. టీచరు మిత్రులు ఒక పీరియడు దీనికి కేటాయిస్తే ఉపన్యాసం కంటే మేలు.

'వ్యవసాయం మాత్రం జూదం కాదా' అని ఎదురు ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. 1987లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. కౌలుదారుకి భూమి లేదు, అప్పు మాత్రం తనదే. కానీ తెల్లదోమ పుస్తకం రాసుకుని మనల్ని ఓడించదు. సైటు లెక్క మాత్రం మనం ఓడేలాగే కూర్చింది. పత్తి పోయినా కట్టె పొయ్యిలోకి వస్తుంది. ఇక్కడ అదీ రాదు. పైగా నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇరవైవేలు తెచ్చి ఆడినవాడికి నెలకు ఆరువందలు వడ్డీయే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. సికిందరాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. చాలా ఏళ్లు ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆ మాట పట్టుకునే బతికాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. నడిపేవాడికి మొదటిసారి ఏడాది, ఆడేవాడికి ఆరు నెలల శిక్ష అని అప్పుడు ప్రకటించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అనే తేడా తీసేసింది. నడిపేవాడికి మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా ఉంది, ఆడేవాడికి శిక్ష లేదు. స్వదేశీ కంపెనీలు వెంటనే డబ్బాటలు మూసేశాయి. సముద్రం అవతలివాడికి ఆ భయమేది? ఇక్కడి ఆట అలవాటైనవాళ్లు అటు మళ్లే ప్రమాదం ఎక్కువైంది. ధర్మరాజు ఆడితే పురాణం, సంక్రాంతి బరిలో పెద్దమనుషులు ఆడితే సంప్రదాయం, మాదిగపల్లె కుర్రాడు ఆడితే మటుకు కేసు. ఈ తేడా కొత్త చట్టంతో పోతుందని నేననుకోను.

అసలు ప్రమాదం ఆడటంలో కంటే ఖాతా ఇవ్వడంలో ఉంది. ఏజెంటుకి రోజూ కొత్త ఖాతాలు కావాలి. ఎక్కడ దొరుకుతాయి? పనిలేక, ఫీజు బాకీతో ఉన్న కుర్రాళ్ల దగ్గర. పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే కొన్ని వేలు ఇస్తామంటారు. నీ డబ్బేం పోదుగా అంటారు. ఇలాంటివాటిని పోలీసులు మ్యూల్ ఖాతాలంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. సరుకు ఎవరిదో, మోసేది ఎవరో! పేరు పెట్టినవాడికి తెలుసో లేదో గానీ మన చరిత్రకు సరిపోయిన పేరు.

ఆ ఖాతాలో పందెం డబ్బే కాదు, సైబరు మోసాల్లో పోయిన డబ్బూ తిరుగుతుంది. ఎక్కడో పూనాలోనో జైపూరులోనో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు 1930కి ఫోను చేస్తారు. డబ్బు నడిచిన దారి వెంట బ్యాంకులు ఒక్కో ఖాతానీ ఆపేస్తాయి. పరాయి రాష్ట్రం పోలీసుల నోటీసు వస్తుంది. ఏజెంటు దొరకడు, సైటు యజమాని అసలే దొరకడు. దొరికేది ఆధార్ ఉన్నవాడు. ఆ ఖాతాలోకే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్రవాటా రావాలి, కూలి డబ్బు రావాలి. అన్నీ ఆగుతాయి. రేపు కానిస్టేబులు ఉద్యోగానికి ఎంపికైతే నీ మీద కేసులున్నాయా అని కాగితం అడుగుతుంది. ఉన్నవాళ్ల పిల్లాడికి ఇంకో ఖాతా ఉంది, వకీలున్నాడు, ఉద్యోగం కాకపోతే మిల్లుంది. మనవాడికి ఉన్నది చదువూ ఆ ఒక్క ఖాతా. పందెంలో నిజంగా ఒడ్డింది దాన్ని.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్ల కోసం కొన్ని సంగతులు. మోసపోయామని తెలిసిన గంటలోనే 1930కి చెప్పాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారుతుంది. ఏజెంటుతో నడిచిన మాటలు, చెల్లింపుల వివరాలు సిగ్గుపడి చెరిపేయొద్దు. అవే సాక్ష్యం. ఖాతా ఆగిపోతే ఏ స్టేషను, ఏ ఫిర్యాదు నంబరు మీద ఆపారో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. పోలీసులు స్వాధీనం సంగతి మెజిస్ట్రేటుకు తెలియజేయాలి, విడిపించమని మనమూ అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. వకీలుకి డబ్బుల్లేవని ఆగనక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ రాసి, కుల ధ్రువీకరణ పత్రం నకలు జతచేస్తే చాలు.